కొలువిచ్చినోళ్లే బాకీ తెంపుతరు

ఈ మధ్య మా గల్లీలో ఉండే ఒకమ్మాయి ఇంటికి వచ్చింది. "ఆంటీ, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌ల ఎంబీఏ చేద్దామనుకుంటున్న. మీరు గదే పని చేసిండ్రు గదా, మంచిగుంటదా?" అని అడిగింది. బాగుంటుందని గానీ ఉండదని గానీ చెప్పకుండా, "అప్పు ఎంత చేస్తున్నరు బిడ్డా?" అన్నాను.

"అదంతా బాపు చూస్కుంటడు ఆంటీ."

ఆ మాట వినగానే నేను మాట మార్చేశాను. పాపం, ఆ పిల్లకు ఎందుకో అర్థం కాలేదు. సగం టీ తాగి వెళ్లిపోయింది. ఆమెకు అప్పుడు చెప్పలేకపోయింది ఇక్కడ రాస్తున్నాను.

నేను మహబూబ్‌నగర్‌లో ఒక ప్రైవేటు దవాఖానలో రిసెప్షన్ టేబుల్ దగ్గర చేరి, అడ్మినిస్ట్రేటర్ కుర్చీలోంచి రిటైరయ్యాను. పేరు రూతమ్మ. ఏ మెట్టు ఎప్పుడు ఎక్కానన్నది ఎవరికీ పనికొచ్చే సంగతి కాదు, వదిలేస్తున్నాను.

ఆ కుర్చీలో అసలు పని

కాలేజీల బ్రోచర్లలో ఈ ఉద్యోగం ఫొటోలు చూస్తుంటే నాకు నవ్వొస్తుంది. టై కట్టుకున్న అబ్బాయి, కోటు వేసుకున్న అమ్మాయి, వెనకాల అద్దాల బిల్డింగు. మా దగ్గర జరిగేది చెబుతాను. పొద్దున వచ్చేసరికి జనరేటర్‌లో డీజిల్ అయిపోయి ఉంటుంది. ఇద్దరు నర్సులు ఒకే పెళ్లికి పోయి ఉంటారు. ఇన్సూరెన్సు వాళ్లు నిన్న ఒప్పుకున్న ఆపరేషన్‌ను ఇవాళ కాదంటారు. అప్పటికే పేషెంటు థియేటర్ గౌను తొడుక్కుని కూర్చుని ఉంటాడు. ఇవన్నీ చక్కబెట్టి కూర్చునేలోపు ఐసీయూలో ఎవరో పోతారు. వాళ్ల ఊరు ఊరంతా ట్రాక్టర్లలో దిగుతుంది. డాక్టరు వెనక గేటు నుంచి వెళ్లిపోతాడు. ముందు గేటు దగ్గర నిలబడి తిట్లు తినేది అడ్మినిస్ట్రేటరే.

ఒకసారి హైదరాబాద్‌లో ఇదే కోర్సు చేసిన కుర్రాడిని తీసుకున్నాం. చక్కగా మాట్లాడేవాడు. చేరిన వారానికే అతని చేతికి మిఠాయి డబ్బాలిచ్చి ఊళ్ల మీదికి పంపారు. ఊళ్లల్లో సూదులేసే ఆర్‌ఎంపీలను పలకరించి, మీ పేషెంట్లను మాకే పంపండని అడిగి రావాలి. సాయంత్రం వచ్చి డబ్బాలు నా టేబుల్ మీద పెట్టాడు. "మేడం, గిది మా సిలబస్‌ల లేదు" అన్నాడు. నవ్వుతూ అంటున్నాడేమో అని చూశాను. కళ్లల్లో నీళ్లున్నాయి. నెల తిరగకుండానే మానేశాడు. అతని అప్పు మాత్రం మానలేదు కదా అని నాకు చాలా రోజులు అనిపించింది.

మా పెద్ద డాక్టరు గారి గురించి కూడా ఉన్నదున్నట్టు చెప్పాలి. చేయి మంచిది. పేదవాడని తెలిస్తే ఫీజు అడగకుండా కోత కోసి కుట్టు వేసిన రోజులు నేను కళ్లారా చూశాను. కానీ మనుషులు తనను వదిలిపోవడం ఆయనకు అస్సలు గిట్టదు. పని నేర్చుకున్న నర్సు హైదరాబాద్‌కు పోతానంటే, సొంత బిడ్డ లేచిపోయినంత బాధపడేవాడు. మంచితనం, మనుషుల్ని పట్టి ఉంచే గుణం రెండూ ఒకే మనిషిలో ఉంటే ఏది ఎప్పుడు బయటపడుతుందో ఎవరం చెప్పలేం.

శిరీష

శిరీష మా దగ్గరికి ఇంటర్వ్యూకు వచ్చిన రోజు నాకు గుర్తుంది. కొత్తకోట దగ్గరి ఊరు. గొర్లు కాసుకునే ఇల్లు. ఆ ఇంట్లో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆమే. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు కాలేజీలో ఈ ఎంబీఏ చేసింది. బ్యాంకు అప్పుతో.

"ఎంత జీతం అనుకుంటున్నవు?" అని అడిగాను.

ఆమె చెప్పిన అంకె విని పెన్ను కింద పెట్టేశాను. అది నా జీతం కన్నా ఎక్కువ.

"ఎవరు చెప్పిండ్రు నీకు?"

"కాలేజోళ్లు, మేడం. అడ్మిషన్ అప్పుడు."

మేము ఇవ్వగలిగింది చెప్పాను. అది బీకాం చదివి బిల్లింగులో కూర్చున్న అమ్మాయి జీతానికి కాస్త అటూ ఇటూ. ఆమె కిటికీ వైపు చూసి, "చేస్త మేడం" అంది. హైదరాబాద్‌లో ఎక్కిన మెట్టు ఎక్కకుండా తిరిగి, ఎక్కడా దొరక్క మా దగ్గరికి వచ్చిందని తర్వాత తెలిసింది.

ఇన్సూరెన్సు డెస్క్ మీద కూర్చోబెట్టాను. పిల్ల చురుకు. కాగితాలు తిప్పి పంపే ఆఫీసర్లతో ఫోన్లో గొంతు పెంచకుండా పోట్లాడేది. వచ్చిన దానిలో హాస్టల్‌కు కట్టి, మిగిలింది నెలనెలా వాళ్ల నాయినకు పంపేది. నాయిన బ్యాంకులో కడుతున్నాడని ఆమె నమ్మకం.

బీరయ్య వచ్చిన రోజు

ఒక మధ్యాహ్నం ఓపీ తగ్గాక, గొంగడి భుజాన వేసుకుని ఒక పెద్దమనిషి నా గది గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చెప్పులు బయట విడిచాడు. కూర్చోమంటే కూర్చోలేదు. తాను శిరీష నాయిననని, పేరు బీరయ్య అని చెప్పాడు. పిల్ల పని మంచిదని నేను నాలుగు మాటలు పొగిడాను. ఆయన సంతోషంగా తల ఊపి, అసలు మాటకొచ్చాడు.

"అమ్మా, మా పిల్లను పనిల వెట్టుకొని శానా దినాలాయె. బ్యాంకోళ్లు ఇంటి మీదికొస్తున్నరు. ఆళ్ల బాకీ మీరెప్పుడు తెంపుతరు?"

నాకు అర్థం కాలేదు. "ఏ బాకీ?" అన్నాను.

"పిల్ల సదువు బాకీ."

"అది మేమెందుకు కడతం బీరయ్యా?"

ఇప్పుడు అర్థం కానిది ఆయనకు. నన్ను ఎగాదిగా చూశాడు. నేను అబద్ధమాడుతున్నానేమో అన్న అనుమానం ఆయన మొహంలో కనబడింది.

"గట్లంటరేందమ్మా? ఊళ్లకొచ్చిన కాలేజాయన నాకు జెప్పిండు. నీకేం ఫికర్ లేదు, కొలువిచ్చిన దవాఖాననే లోను జూస్కుంటది అన్నడు. నేను గూడ అవుననుకున్న. జీతం ఉండే పిలగాన్ని ఇంకో పటేలు దోల్కపోతే, పాత పటేలు బాకీ తెంపే గదా దోల్కపోతడు? కొలువిచ్చినోళ్లే బాకీ తెంపుతరు. మా కాడ ఎప్పటి సంది గదే గదా."

కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను.

ఈ తరం పిల్లలకు తెలియకపోవచ్చు. మా వైపు జీతం అంటే నెల తిరిగితే చేతిలో పడే డబ్బు కాదు. ఒక ఇంటి కాపు దగ్గర ముందే అప్పు తీసుకుని, అది తీరేదాకా అతని పొలంలోనో కొట్టంలోనో పడి ఉండటం. అప్పు తీరేది కాదు. ఇంకొకరి దగ్గరికి మారాలంటే, ఆ కొత్తాయన పాతాయన బాకీ కట్టి మనిషిని తోలుకుపోవాలి. మనిషి మారతాడు, బాకీ మారదు. బీరయ్య తన బిడ్డ ఎంబీఏను, బ్యాంకు అప్పును, మా దవాఖానను ఆ లెక్కలోనే అర్థం చేసుకున్నాడు. ఆ కాలేజీ మనిషి ఏ ఉద్దేశంతో ఆ మాట అన్నాడో గానీ, ఈయన చెవిలో అది ఒప్పందంగా పడింది.

"మరి బిడ్డ పంపిన పైసలు ఏం చేసినవు?" అన్నాను.

"గొర్రె పిల్లలు గొన్న. దాని పేరు మీదనే. దానియని తెల్వనీకి చెవులకు వేరే కోత వెట్టిన. జూస్తరా అమ్మా, ఎంత మంచిగున్నయో!"

శిరీషను పిలిపించాను. విషయం చెబుతుంటే ఆ పిల్ల గోడకు ఆనుకుని నిలబడింది. బ్యాంకులో ఒక్క కిస్తీ పడలేదు. చదువుకున్నప్పటి వడ్డీ అసలులో కలిసి కూర్చుంది.

"నాయినా, ఏం జేసినవే నువ్వు?" అంది. అరవలేదు. ఆ గొంతు వింటే అరిచినా బాగుండేదనిపించింది.

సాయం

సంగతి పెద్ద డాక్టరు గారికి తెలిసింది. మా దవాఖానలో ఏదీ దాగదు. మా ముగ్గురినీ తన గదికి పిలిచాడు. బీరయ్యకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. అంతా విని నవ్వాడు.

"గింతేనా? దీనికి ఎందుకు పరేషాన్? పెద్దాయన అడిగింది తప్పేం గాదు. బ్యాంకు కిస్తీ నేను కడత. అమ్మాయి జీతంల పట్టుకుంట. బాకీ తీరేదాక మన కాడనే పనిచేస్తనని ఒక బాండు రాసిస్తె సాలు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసుల వెట్టండి. రూతమ్మా, రేపటికి కాగితం తయారు చెయ్యి."

బీరయ్య లేచి ఆయన కాళ్లు మొక్కాడు. నేను విన్నది నిజమేనా అనిపించింది. ఏసీ గది, గోడకు డాక్టరు గారి డిగ్రీలు, టేబుల్ మీద లాప్‌టాప్. అన్నీ ఉన్న ఆ గదిలో, మా నాయిన ఒక కాపు కొట్టంలో పడిన ఆ జీతమే మళ్లీ మాట్లాడుతున్నారు. చుట్టుపక్కల దవాఖానల్లో నర్సుల సర్టిఫికెట్లు పట్టి ఉంచుతారని నాకు తెలుసు. కానీ ఒక తండ్రి సంతోషంగా వచ్చి బిడ్డను అప్పజెప్పడం నేనెప్పుడూ చూడలేదు.

డాక్టరు గారు అడిగాడు. "నడుమల అమ్మాయి పెండ్లయి పోతెనో?"

బీరయ్య తడుముకోలేదు. "దాని తమ్ముడున్నడు గద సారూ. ఇంటర్ చదువుతున్నడు. అది పోతె ఆడొచ్చి చేస్తడు."

డాక్టరు గారు పెద్దగా నవ్వాడు. శిరీష నవ్వలేదు. తండ్రి తమాషాకు అనలేదని ఆమెకు తెలుసు, నాకూ తెలుసు. మా పెదనాయిన పాము కరిచి పోతే, ఆ బాకీ కింద మా నాయినను తీసుకుపోయి నిలబెట్టారు. అప్పటికి మా నాయినకు మీసాలు కూడా రాలేదు. మిషన్ హాస్టల్ వాళ్లు నన్ను చేర్చుకోకపోతే ఆ ఇంటి పేడకళ్లు నేనూ ఎత్తేదాన్ని.

"సార్, ఆ కాగితం నేను తయారు చెయ్యను" అన్నాను.

డాక్టరు గారి నవ్వు ఆగిపోయింది. "ఏందమ్మా? నేను సాయం చేస్తున్న గదా."

"మా నాయినకు అప్పిచ్చినాయన కూడా సాయమే చేసిండు సార్."

ఆయన మొహం ఎర్రబడింది. నన్ను ఆయన ఎంతో మర్యాదగా చూసేవాడు. ఆ రోజు కూడా కోపం మింగేసి, "గా రోజులు వేరు, గీ రోజులు వేరు. దానికీ దీనికీ లంకె పెడతవేంది?" అన్నాడు. నిజంగా ఆయనకు తేడా ఉన్నట్టే కనబడింది. ఆయన చెడ్డవాడై ఉంటే నాకు అంత దిమ్మ తిరిగేది కాదు.

అప్పుడు శిరీష మాట్లాడింది. "సార్, మీరు మంచి మనసుతోనే అన్నరు. కానీ నేను బాండు రాయను. నా బాకీ నేనే కట్టుకుంట. మా తమ్ముని పేరు ఈ గదిల మల్ల రావొద్దు." చెప్పి, తండ్రి చేయి పట్టుకుని లేపింది. బీరయ్య డాక్టరు గారినీ బిడ్డనూ మార్చి మార్చి చూస్తూ నిలబడ్డాడు. చేతికొచ్చిన మేలును బిడ్డ కాలదన్నుతోందని ఆయనకు గుబులు.

దవాఖాన ముందున్న చాయ్ బండి దగ్గర ఆయనకు విడమరిచి చెప్పాను. బ్యాంకు అప్పు బిడ్డ పేరు మీద, నీ పేరు మీద ఉంది. కట్టకపోతే అడుగుతారు, నోటీసు ఇస్తారు, కోర్టుకు పోతారు. రేపు ఇంకో అప్పు పుట్టదు. అవన్నీ నిజమే. కానీ మనిషిని మాత్రం పట్టుకోలేరు. ఆ పిల్ల రేపు హైదరాబాద్‌ పోయినా, బెంగళూరు పోయినా ఆపేవాళ్లు లేరు.

"బాకీ ఉండంగనేనా?" అన్నాడు.

"ఉండంగనే."

చాయ్ గ్లాసు చేతిలో అలాగే చల్లారిపోయింది. ఆయన నమ్మలేదు. మా నాయిన సంగతి కూడా ఆయనకు అక్కడే చెప్పాను. అప్పుడు నన్ను తన మనిషిలాగా చూశాడు గానీ, నా మాట మాత్రం నమ్మలేదు.

శిరీష గొర్రె పిల్లల్ని అమ్మించి, ఆగిపోయిన కిస్తీలు కట్టింది. మా దగ్గర నేర్చుకున్న ఇన్సూరెన్సు పనిని చూపించి హైదరాబాద్‌లో ఒక పెద్ద దవాఖానలో ఉద్యోగం తెచ్చుకుంది. జీతం మా కన్నా మేలు. కిస్తీ పోను, హాస్టల్ పోను, నెలాఖరుకు చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. కానీ తన సర్టిఫికెట్లు తన పెట్టెలోనే ఉన్నాయి.

అప్పు చేసేముందు

ఇప్పుడు మా గల్లీ అమ్మాయికీ, ఆమెలాంటి వాళ్లకూ నాలుగు మాటలు.

ఈ చదువు పనికిరానిదని నేననను. పెద్ద దవాఖానల్లో నాణ్యత చూసే విభాగాలున్నాయి, ఇన్సూరెన్సు విభాగాలున్నాయి, అక్కడ ఈ చదువుకు విలువ ఉంది. కొన్నేళ్లు నలిగితే జీతం పెరుగుతుంది. కానీ ఆ మొదటి కొన్నేళ్లే గడ్డుకాలం, అప్పు కట్టాల్సిందీ సరిగ్గా అప్పుడే. జిల్లాల్లో మా వంటి దవాఖానలు మీ డిగ్రీని మెచ్చుకుంటాయి, డబ్బు మాత్రం బీకాం వాళ్లకు ఇచ్చినంతే ఇస్తాయి. సర్కారు దవాఖానలో పెద్ద కుర్చీ డాక్టరుదే, మీ చదువుతో అందులో కూర్చోలేరు. కూర్చోవచ్చని ఎవరైనా చెబితే నమ్మకండి.

కాలేజీ వాళ్లు చెప్పే ప్యాకేజీ వినకండి. కిందటేడు బయటికొచ్చిన పిల్లల్ని వెతికి పట్టుకుని, మొదటి నెల చేతికొచ్చింది ఎంత అని అడగండి. సిగ్గుపడి చెప్పకపోతే, ఆ సిగ్గులోనే మీకు జవాబుంది. దొరికిన అంకెలోంచి కిస్తీ తీయండి, గది కిరాయి తీయండి, తిండి తీయండి. ఏమీ మిగలకపోతే చిన్న కాలేజీ చూసుకోండి, లేదంటే ముందు ఏదైనా దవాఖానలో బిల్లింగు డెస్కులో ఒక ఏడాది కూర్చుని, ఈ పని మీ ఒంటికి పడుతుందో లేదో తెలుసుకోండి. చదివేటప్పుడు కూడా వడ్డీ నడుస్తూనే ఉంటుంది, ఉద్యోగం రాకపోయినా గడువు దాటితే కిస్తీ మొదలవుతుంది. ఈ రెండూ బ్యాంకులో చెబుతారు, మనమే వినం.

అన్నిటికన్నా ముఖ్యమైనది ఇంకొకటి. సంతకం పెట్టే నాయినను పక్కన కూర్చోబెట్టుకుని, అప్పు ఎవరిది, ఎవరు కడతారు, కట్టలేకపోతే ఏమవుతుంది, ఏం కాదు, అన్నీ ఇంట్లో మాట్లాడే భాషలో చెప్పండి. చెప్పి ఊరుకోకండి. ఆయనకు ఏం అర్థమైందో తిరిగి చెప్పమనండి. నేను బీరయ్య విషయంలో విన్నంత మాట మీరు వినకపోవచ్చు. కానీ ఏదో ఒకటి వింటారు.

బీరయ్య మళ్లీ వచ్చాడు

శిరీష హైదరాబాద్‌ పోయిన చాలా రోజులకు బీరయ్య మళ్లీ నా గదికి వచ్చాడు. ఈసారి కూర్చోమంటే కూర్చున్నాడు. ఏదో బెంగ తీరినట్టున్నాడు.

"పిల్ల పోయిన సంది చూస్తనే ఉన్నమ్మా. ఎవ్వలు రాలే."

"ఎవరు రావాలె?"

"మీ దవాఖానోళ్లో, బ్యాంకోళ్లో. పిల్లేది అని అడుగనీకి. వస్తె చేతులు ఖాళీగ నిలవడొద్దు గదాని, పిలగాన్ని కాలేజికి తోలకుండ ఇంటికాడనే ఆపిన. అడిగితె ఆన్ని తోలిద్దామని."

ఇన్ని రోజులూ శిరీష తమ్ముడు తట్టాబుట్టా సర్దుకుని, తనను ఎవరు తీసుకుపోతారా అని వాకిట్లో కూర్చున్నాడన్నమాట. శిరీషకు ఇది తెలియదు. చాయ్ బండి దగ్గర నేను చెప్పిందంతా ఈయన మర్యాదకు విన్నాడు, అంతే.

"రేపే కాలేజీకి పంపించు బీరయ్యా. ఇవాళే పంపించు. ఎవ్వరూ రారు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

"తోలిన అమ్మా. నిన్ననే తోలిన. అది జెప్పనీకే వచ్చిన. నువ్వు జెప్పింది నిజమే. బాకీ ఉన్నా మనిషి పోవచ్చు."

లేచి గొంగడి సర్దుకున్నాడు. గుమ్మం దాకా పోయి ఆగాడు. జీతగాళ్ల బాకీలు చెల్లవని, వాళ్లను ఎవరూ ఆపకూడదని చట్టం వచ్చిన సంగతి నేను ఉద్యోగంలో చేరిన తర్వాత ఎప్పుడో చదివాను. అది వచ్చాక కూడా మా నాయిన తెల్లారకముందే లేచి ఆ కొట్టానికి పోతూనే ఉండేవాడు, పోయి పోయి అక్కడే కుప్పకూలాడు. ఈ చట్టం సంగతి బీరయ్యకు నేను చెప్పలేదు. ఆయనకు తోచిందే అడిగాడు.

"అమ్మా, మరి మీ నాయినకు గీ ముచ్చట ఎవ్వలు జెప్పలేదా?"